పోగు నిలబడ్డ నాలుగు నిమిషాలు

"పడని పిడుగును పడి ఉండేదేనని మమ్మల్ని ఎలా నమ్మమంటారు?"

కెమెరాలు మంజూరు చేయాల్సిన ఢిల్లీ నిపుణుల సంఘం నుంచి వచ్చిన లేఖలో ఈ ఒక్క వాక్యం చదివి, బృందావతి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టీ గ్లాసు కింద వేసింది. అంతకన్నా మర్యాద దానికి అక్కర్లేదనుకుంది. ఇరవై ఏడుగురు మనుషులు బతికి బట్టకట్టి జీడితోటల్లో తిరుగుతుంటే, వాళ్లలో ఒక్కరూ చావలేదు కాబట్టి రుజువు చాలదంటున్నారు పెద్దమనుషులు. చదువు ముదిరితే తెలివి ఒక్కోసారి ఇలాగే తగలడుతుంది.

ఆమె కెమెరా నువ్వులవలస ఊరిని ఆనుకున్న కొండ మీద ఉంది. ఊళ్లోవాళ్లు దాన్ని పిడుగుకన్ను అంటారు. మబ్బు కమ్ముకొచ్చి ఉరుముతున్నప్పుడు కింద నేల కూడా ఊరికే పడి ఉండదు. చెట్టు కొస నుంచి, కరెంటు స్తంభం నుంచి, మనిషి నడినెత్తి నుంచి సన్నటి వెలుగు పోగులు పైకి లేస్తాయి. మామూలు కంటికి కనపడవు. బృందావతి పదేళ్లు ఒళ్లు హూనం చేసుకుని తయారుచేసిన లెన్సుకు కనపడతాయి. తెర మీద ఆ పోగులన్నీ గాలికి వరిమొక్కల్లా ఊగుతుంటాయి. వాటిలో ఏదో ఒకటి ఉన్నట్టుండి ఊగడం మానేసి నిటారుగా నిలబడుతుంది. అలా నిలబడిన నాలుగు నిమిషాలకు పిడుగు వచ్చి అక్కడే పడుతుంది.

అది చెట్టయితే కాలిపోతుంది. మనిషయితే బృందావతి ఎర్ర మీట నొక్కుతుంది, ఊళ్లో సైరన్ మోగుతుంది, తోటల్లో జీడిపిక్కలు ఏరుతున్న ఆడవాళ్లు గంపలు వదిలి బడి భవనంలోకి పరుగెత్తుతారు. మనిషి ఆ చోటు వదలగానే పోగు తెగిపోతుంది. పిడుగు ఏ తాటిచెట్టు మీదో పడుతుంది, లేదంటే మబ్బులోనే ఉండిపోతుంది. పీకులాటంతా అక్కడే. చెట్టు విషయంలో రుజువైంది, స్తంభం విషయంలో రుజువైంది, మనిషి విషయంలో కాలేదు. కావాలంటే పోగు నిలబడ్డ మనిషి ఆ చోటు వదలకుండా ఉండాలి.

కొండ మీది పిడుగుల కేంద్రానికి డైరెక్టరయిన చక్రపాణి ఆ లేఖను టీ గ్లాసు కింద నుంచి తీసి, మరక తుడిచి, మళ్లీ చదివాడు.

"ఒక్కటి చాలు బృందావతి గారూ. పోగు లేచిన దగ్గర్నుంచి పిడుగు దాకా తెగకుండా ఒక్క వరస ఫోటోలు. ప్రపంచంలో ఎవరి దగ్గరా లేనిది."

"మనిషి మీదా సార్?"

"నేనలా అన్నానా?"

అనలేదు. అనకుండా అనడంలో ఆయన దిట్ట.

మే నెల రెండో వారంలో ఒక మధ్యాహ్నం, రెండు దాటాక సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. బృందావతి భోజనం ముగించి వచ్చి కెమెరా గదిలో తెర ముందు కూర్చుంది. చక్రపాణి ఎప్పుడూ లేనిది వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. తోటలో పాతికమంది ఆడవాళ్లు ఉన్నారు. ఉరుములు మొదలైనా ఎవరూ నడుం ఎత్తలేదు. పోగులు లేచి ఊగడం మొదలైంది. రెండు గంటల నలభై ఒకటికి, తోట మధ్యలో వంగి పిక్కలు ఏరుతున్న ఒక మనిషి మీద పోగు నిటారుగా నిలబడింది.

ఇంత స్పష్టంగా ఎప్పుడూ రాలేదు. పోగు అంచులు కూడా విడివిడిగా కనపడుతున్నాయి. బృందావతి లెన్సు సరిచేసి ఎర్ర మీట నొక్కింది.

సైరన్ మోగలేదు.

మళ్లీ నొక్కింది. మోగలేదు. తల పక్కకు తిప్పితే గోడ మీద పెట్టె కనపడింది. సైరన్ మోగితే ఫోటో మీద తెల్ల చారలు పడతాయి. అందుకని లెన్సు పరీక్షించే వేళ సైరన్‌కు కరెంటు ఆపడానికి ఆమే ఒక తాళం పెట్టింది. ఆ తాళం 'మౌనం' వైపు తిరిగి ఉంది. తాళంచెవి లేదు.

"సార్, తాళంచెవి ఏది?"

"రెండు నిమిషాలు ఓపిక పట్టండి."

"అక్కడ మనిషి ఉంది సార్!"

"పడుతుందని నీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలీదనే కదా వాళ్లు రాసింది?" ఆయన గొంతు లేవలేదు. "దేశమంతా ఈ కెమెరాలు వస్తే ఏటా వేలమంది బతుకుతారు. ఆలోచించు."

ఆమె ఆలోచించలేదు. తోటలో ఉన్న నలుగురికి ఫోన్ చేసింది. నాలుగు ఫోన్లూ మోగి ఆగిపోయాయి. మబ్బు పడితే ఫోన్లు ఒంటి మీద ఉంచుకోవద్దని ఊరూరా తిరిగి చెప్పింది ఈ కేంద్రంవాళ్లే. ఆడవాళ్లు చెప్పింది చెప్పినట్టు విని, ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి గట్టు మీద పెట్టారు. కొండ మీద నుంచి అరిస్తే ఉరుముల్లో ఎవరికి వినపడుతుంది? ఇక ఆమె చక్రపాణి మీద పడింది. ఆయన చొక్కా జేబు చింపింది, చేతిని గోళ్లతో రక్కింది, తాళంచెవి లాక్కుంది. పెట్టెలో దూర్చబోతే రెండుసార్లు జారింది, మూడోసారి తిప్పి మళ్లీ మీట నొక్కింది.

సైరన్, పిడుగు ఒకేసారి మోగాయి.

చనిపోయిన మనిషి పేరు తవిటమ్మ. యాభై రెండేళ్లు. మూడో రోజున బృందావతి, ఒకప్పుడు తాను గంజి తాగిన ఆ ఇంటికి వెళ్లింది. అరుగు మీద తవిటమ్మ అన్న, ముసలాయన, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు.

"మా యమ్మకి ముగ్గురు బిడ్డలు పోయినాక పుట్టింది మేడమ్మా ఇది. ఇది కూడా పోతాదేమోనని సేటలో ఏసి పొరుగింటోళ్లకి తవుడుకి అమ్మీసింది మా యమ్మ. అలగ పెట్టిన పేరది. సావుకి కనపడకుండా దాసీసినాం అనుకున్నాం."

ఆ తల్లి చావుకు కనపడకుండా దాచిన పిల్లని ఈ కేంద్రం నాలుగు నిమిషాల పాటు ఫోటో తీసింది.

తవిటమ్మ కూతురు హైమావతి నీళ్లు తెచ్చి ఇచ్చింది. పాతికేళ్ల పిల్ల, జీడి కర్మాగారంలో పిక్కలు కొడుతుంది. గుల్లల నూనెకు వేళ్ల కొసలన్నీ నల్లగా మాడిపోయి ఉన్నాయి. చుట్టూ చేరిన ఆడవాళ్లు బృందావతిని పల్లెత్తు మాట అనలేదు. పైగా ఆమెనే ఓదార్చారు.

"నువ్వేటి సేస్తావమ్మా, పాపం. ఇరవై ఏడు పాణాలు కాసినావు," అంది ఒకావిడ. "మునుపైతే తొలి ఉరుముకే గంపలొగ్గీసి ఇళ్లకి ఎల్లిపోయేవోళ్లం. ఇప్పుడు సైరనుంది గదా. మోగనేదు గదాని ఏరుతానే ఉన్నాం."

తాతల నాటి భయం ఒకటి ఈ ఊరిని కాపాడుతూ వచ్చింది. తొలి ఉరుముకు ఇంటికి పరుగెత్తడం పిరికితనం కాదు, బతకడం తెలిసినవాళ్ల తెలివి. ఆ తెలివిని ఆమె సైరన్ మాన్పించింది. మాన్పించి, సైరన్‌కు తాళం వేసింది.

హైమ మెల్లగా అడిగింది. "మేడమ్మా, మా యమ్మదే తప్పంతన్నారు, నిజమేనా? ఆపీసోళ్లు కాగితం ఇచ్చినారు. సైరన్ మోగినా టయానికి లెగనేదని రాసినారు."

బృందావతి ఆ కాగితం తీసుకుని చదివింది. 'హెచ్చరిక జారీ చేయడమైనది. బాధితురాలు సకాలంలో స్పందించలేదు.' కింద చక్రపాణి సంతకం. ఒళ్లంతా భగ్గుమంది. ఆ క్షణంలో నిజం చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. "నేను కనుక్కుంటానమ్మా," అని లేచి వచ్చేసింది.

కొండ మీద వేరే లోకం నడుస్తోంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడిలాగా, చక్రపాణి ఆ ఫోటోను గోడంత పెద్దది చేయించి హాల్లో పెట్టించాడు. నల్లటి నేల. మధ్యలో వంగి ఉన్న ఒక ఆకారం. ఆ ఆకారం వీపు మీదుగా పైకి లేచిన తెల్లటి పోగు, పై నుంచి దాన్ని అందుకోవడానికి దిగుతున్న పిడుగు. రెండిటి మధ్య బెత్తెడు ఖాళీ. వచ్చినవాళ్లంతా దాని ముందు నిలబడి "అద్భుతం" అంటున్నారు. ముఖం కనపడదు కాబట్టి అనగలుగుతున్నారు.

"ఢిల్లీకి పంపే నివేదిక మీద మీ సంతకం కూడా కావాలి," అన్నాడు చక్రపాణి. "కెమెరా మీది కదా. ముందు మీ పేరే వేయిస్తున్నా."

"మిమ్మల్ని జైల్లో వేయిస్తా."

"రుజువేదీ?" అన్నాడాయన.

రుజువుంది. కెమెరా ప్రతి ఫోటోతో పాటు ఒక చిట్టా రాస్తుంది. ఏ మీట, ఏ తాళం ఏ క్షణంలో కదిలిందో అందులో ఉంటుంది. ఆ సాయంత్రం బృందావతి గది తలుపు గడియ పెట్టి చిట్టా అచ్చు తీసింది. చక్రపాణిని బజారుకీడుస్తానని పళ్లు నూరుతూ చదవడం మొదలుపెట్టింది.

రెండు గంటల ఇరవై నిమిషాలకు తాళం 'మౌనం' వైపు తిరిగింది. అప్పుడు ఆమె ఇంకా భోజనం దగ్గరే ఉంది. దొరికాడు దొంగ. రెండూ నలభై ఒకటి దాటి పది సెకన్లకు పోగు నిలబడింది. పాతిక సెకన్లకు లెన్సు తిరిగింది. యాభై సెకన్లకు లెన్సు మళ్లీ తిరిగింది. రెండూ నలభై రెండూ ఐదుకు వెలుగు తగ్గించారు. ఇరవైకి లెన్సు మూడోసారి తిరిగింది. యాభైకి ఎర్ర మీట.

ఆమె వేలు ఆ అంకెల మీద ఆగిపోయింది. లెన్సు ముట్టుకునేది ఒక్కరే. పోగు నిలబడ్డాక నిమిషం నలభై సెకన్ల పాటు బృందావతి ఫోటోను అందంగా తీసుకుంటూ కూర్చుంది. అంతసేపూ సైరన్ పనిచేస్తుందో లేదో కూడా చూడలేదు.

పాత చిట్టాలన్నీ తీసింది. మొదటి మనిషికి రెండు సెకన్లలో మీట నొక్కింది. ఐదో మనిషికి పది సెకన్లు. పన్నెండో మనిషికి అరనిమిషం. ఇరవై ఏడో మనిషికి నిమిషం పాతిక సెకన్లు. నాలుగు నిమిషాలున్నాయి కదా, బడిలోకి పరుగెత్తడానికి ఒక్క నిమిషం చాలు కదా అని ఆమె చేతులకు అలవాటైపోయింది. ముందు ఫోటో, తర్వాత మనిషి. ఎవరూ నేర్పలేదు. చక్రపాణి అసలే నేర్పలేదు. పోగు నిలబడగానే నొక్కి ఉంటే, తాళంచెవి లాక్కున్నాక కూడా తవిటమ్మకు నిమిషమున్నర పైగా మిగిలేది.

ఆమె కాగితాలు బల్ల మీద పడేసి, అద్దం లేని ఆ గదిలో తన చెంప మీద తానే కొట్టుకుంది. ఇంతసేపూ చక్రపాణి మీద రగిలిన కోపం ఎక్కడికీ పోలేదు, ఒక్క పిసరు తగ్గలేదు. అది ఇప్పుడు ఇద్దరికి సరిపడా పెరిగింది.

మర్నాడు పొద్దున్నే ఆ చిట్టా పట్టుకుని హైమ ఇంటికి వెళ్లింది. అరుగు మీద కూర్చుని మొదటి నుంచీ అంతా చెప్పింది. తాళం సంగతి, తాళంచెవి జేబులో దాచిన సంగతి, కాగితంలో రాసిన అబద్ధం, చివరికి తన నిమిషం నలభై సెకన్లు. ముసలాయన వింటూ వింటూ లేచి లోపలికి వెళ్లిపోయాడు.

హైమ అడిగింది.

"ఆ నిమిసం నలబై, మా యమ్మ నీకు కనపడతానే ఉందా?"

"ఉంది."

"ఏటి సేస్తాంది?"

"వంగి పిక్కలు ఏరుతోంది. ఒకసారి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, మళ్లీ వంగింది."

"అది సూసినావు."

"చూశాను."

"సూసి, బొమ్మ బాగా రావాలని ఆ లెన్సు సక్రం తిప్పినావు." హైమ గొంతు ఒక్కసారిగా లేచింది. "మా యమ్మ తలకాయి మీద సావు నిలబడుంటే, నువ్వు దానికి నగిసీలు సెక్కుతున్నావేటి? ఆడు ముండాకొడుకు, ఆడి సంగతి నాకు తెల్సు, ఆపీసరు. నువ్వు మా ఇంట్లో గెంజి తాగినావు గదా! మా యమ్మ నీకు జీడిపప్పు మూట కట్టింది గదా!"

బృందావతి కారిన కన్నీళ్లు కొంగుతో తుడుచుకుంది. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు.

"ఏడవకు," అంది హైమ కటువుగా. "నువ్వేడిస్తే నానోదార్చాల. నాకోపిక నేదు. ఆ కాగితం ఇలగియ్యి."

ఆ మధ్యాహ్నమే పాతికమంది ఆడవాళ్లు కొండెక్కారు. చక్రపాణి బయటికొచ్చి నమస్కారం పెట్టి, నష్టపరిహారం గురించి మాట్లాడబోయాడు. హైమ చిట్టా ఆయన ముఖం ముందు పెట్టింది.

"నీ డబ్బులు నీ దగ్గరే ఉంచుకో. రెండే మాటలు. మబ్బు పట్టినప్పుడల్లా ఆ తెర ముందు మాలో ఒకర్తి కూకుంటాది. మీ ఇద్దరూ కిందకొచ్చి మా తోటలో పిక్కలేరాల. మా యమ్మ ఏరిన సోటే."

చక్రపాణికి మోకాళ్ల నొప్పులున్నాయట. ఆ వారమే సెలవు పెట్టి హైదరాబాదు వెళ్లిపోయాడు. బృందావతి చిట్టా నకళ్లు, తన నేరం తానే ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం పోలీసులకు ఒకటి, ఢిల్లీకి ఒకటి పంపింది. పోలీసుల దగ్గర కాగితాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఢిల్లీ నుంచి మాత్రం వారంలో జవాబొచ్చింది. 'జరిగినదానికి విచారం. ఇరవై ఎనిమిదో సందర్భంలో రుజువు సంతృప్తికరంగా ఉన్నది' అని అందులో రాశారు. కెమెరాలు మంజూరు చేశారు. తవిటమ్మ పేరు ఎక్కడా లేదు. ఈసారి బృందావతి ఆ కాగితాన్ని టీ గ్లాసు కింద కూడా పెట్టలేదు. చించి పొయ్యిలో వేసింది.

జూన్ మొదట్లో మళ్లీ మబ్బు పట్టింది. బృందావతి కెమెరా గదిలో హైమను కూర్చోబెట్టింది. ఊగే పోగు ఏదో, నిలబడే పోగు ఏదో అప్పటికే నేర్పింది. 'మౌనం' తాళాన్ని పెట్టెతో సహా పీకేయించింది. గంప తీసుకుని కొండ దిగి తోటలోకి నడిచింది.

ఏరడానికి పిక్కలు పెద్దగా మిగల్లేదు. పదిమంది ఆడవాళ్లు దూరంగా చెదిరి ఉన్నారు. వాళ్లు ఇప్పుడు తొలి ఉరుముకే గంపలు సర్దుకుంటున్నారు. బృందావతి మాత్రం కదలకూడదు, సైరన్ మోగేదాకా. అది ఆమెకు హైమ పెట్టిన షరతు. తవిటమ్మ పడిన చోట నేల ఇంకా నల్లగానే ఉంది. అక్కడే వంగి ఏరడం మొదలుపెట్టింది.

ఉరుము దగ్గరపడింది. గాలి ఆగిపోయింది. పైన ఆ గదిలో ఎన్ని వందలసార్లు కూర్చున్నా ఆమెకు తెలియని సంగతి ఒకటి అప్పుడు తెలిసింది. పోగు లేచేటప్పుడు మనిషికి తెలుస్తుంది. ముందు మెడ మీది సన్న వెంట్రుకలు లేచాయి. తర్వాత నడినెత్తిన చీమలు పాకినట్టయింది. నోట్లో రాగిచెంబు అంచు నాకినట్టు ఒక రుచి. తవిటమ్మకు కూడా ఇలాగే తెలిసి ఉంటుంది. తెలిసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, సైరన్ మోగలేదు కదా అని మళ్లీ వంగి ఉంటుంది.

బృందావతి తల ఎత్తి కొండ వైపు చూసింది. పైన కూర్చున్న పిల్లకు తన మీద ఎంత కోపముందో ఆమెకు తెలుసు. ఆ కోపం న్యాయమైనదనీ తెలుసు. నిమిషం నలభై సెకన్లు ఆగినా ఒక్క మాట అనే హక్కు తనకు లేదు. నాలుగు నిమిషాలు ఆగినా అనడానికి తను ఉండదు.

ఒకటి అని లెక్కపెట్టబోయింది.

సైరన్ మోగింది.

ఆమె గంప విసిరేసి పరుగెత్తింది. చీర కొంగు జీడికొమ్మకు తగులుకుంటే చింపుకుని పరుగెత్తింది. బడి వరండాలో ఆడవాళ్లు ఆమెను చేతులు పట్టి లోపలికి లాగారు. కాసేపటికి తోట అవతల ఎక్కడో తాటిచెట్టు భళ్లున పగిలింది.

వాన వెలిశాక హైమ కొండ దిగి వచ్చింది. ఆ రోజు ఫోటో నిండా తెల్ల చారలే పడ్డాయి, ఎందుకూ పనికిరాదు. బడి మెట్ల మీద తడిసి ముద్దయి కూర్చున్న బృందావతి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీదే నిలబడీసింది మేడమ్మా. నీ నడినెత్తి మీంచే."

బృందావతి అడగకుండా ఉండలేకపోయింది. "ఎంతసేపటికి నొక్కావు?"

హైమ ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో జాలి లేదు.

"ఎంతసేపేటి? సెయ్యి మీట మీదే ఉంది గదా."